రోగాల కాలంలో భక్తి కార్యక్రమం ఏమి చెప్పాలి? (విజయనగరం, శ్రీకాకుళం సభ్యుల చర్చ)

నెల్లిమర్ల వంతెన
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. స్థానిక కేబుల్‌లో ఉదయం ఆరున్నరకు వచ్చే అరగంట భక్తి కార్యక్రమానికి స్క్రిప్టు రాస్తాను. యూట్యూబులోనూ అదే పెడతాం. చూసేవారిలో ఎక్కువమంది పెద్దవయసువారు. స్నానం చేసి, దీపం పెట్టి, టీవీ ముందు కూర్చునేవారు. పత్రిక చదవరు, వార్తలు చూడరు. మేము చెప్పింది మాత్రం శ్రద్ధగా వింటారు.

వానలు మొదలయ్యేలోగా మాకంటూ కొన్ని నియమాలు రాసుకోవాలనుకుంటున్నాం. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అలాంటిది మళ్ళీ వస్తే, లేదా కరోనా లాంటిదే ఇంకొకటి వస్తే, ఆ ఉదయం ఆరున్నరకు మేము ఏమి చెప్పాలి? రోగం ఊసెత్తకుండా పురాణం చెప్పుకుంటూ పోవాలా? వైద్యుల మాట చెబితే ఎంతవరకు చెప్పాలి? ఒక దాత ఇప్పటికే వచ్చి, వానాకాలమంతా ప్రాయోజకుడిగా ఉంటానన్నారు. రోగ నివారణ రక్షరేకుల ప్రకటన వేసి, తెర కింద ఫోను నంబరు నడపాలని ఆయన షరతు. మా యజమాని ఇంకా జవాబు చెప్పలేదు. మీ అభిప్రాయాలు నిజంగా కావాలి.

టెక్కలి సైన్సు మాస్టారు
మంచి ప్రశ్న వేశారు బాబూ. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పాను, రోజూ సంధ్యావందనమూ చేస్తాను. ఈ రెండింటికీ నాలో ఎన్నడూ తగవు రాలేదు. తగవు వచ్చేది ఒక్కచోట: ఒకటి రెండో దాని పని తాను చేస్తానని మాట ఇచ్చినప్పుడు.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. మశూచి రోజుల్లో అమ్మవారు పోసిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, బయటివారిని లోపలికి రానిచ్చేవారు కాదు, రోగిని చల్లగా ఉంచేవారు. ఇవన్నీ పనికొచ్చిన పద్ధతులే. కానీ మశూచిని భూమి మీద నుంచి తుడిచిపెట్టింది టీకా. భారతదేశంలో చివరి కేసు 1975లో వచ్చింది. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోగం లేదని ప్రకటించింది. ఆ తరువాత అమ్మవారి పండుగలు ఆగిపోయాయా? పైడితల్లి సిరిమాను ఏటా కదులుతూనే ఉంది. టీకా వచ్చినందుకు అమ్మవారికి ఏ లోటూ జరగలేదు. మీ కార్యక్రమంలో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలా భయాలు తగ్గుతాయి.

2020లో పెద్ద దేవస్థానాలే దారి చూపాయి. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. స్వామి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి, పారాయణాలు భక్తి ఛానల్లో ఇంటింటికీ వచ్చాయి. దేవుడు మీ ఇంటికి వస్తాడు, మీరు బయటికి రావద్దు అని అంతకంటే బలంగా ఏ ఆరోగ్యశాఖ చెప్పగలదు?

చీపురుపల్లి హేతువాది
మాస్టారి మీద గౌరవం ఉంది గానీ, నా మాట సూటిగా చెబుతాను. భక్తి ఛానళ్ళు రోగాల గురించి అసలు మాట్లాడకూడదు. ఇవాళ నీళ్ళు కాచి తాగమని చెప్పే నోరే రేపు ఫలానా మంత్రం 108 సార్లు జపిస్తే వైరస్ రాదంటుంది. వినేవారికి రెండూ ఒకే పీఠం మీద నుంచి వచ్చిన మాటలు. తేడా ఎలా తెలుస్తుంది?

రక్షరేకుల సంగతికి వస్తే, మహిమల పేరుతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. తాయెత్తులు, మంత్రాలు, కవచాలు కూడా అందులో ఉన్నాయి. మీ యజమాని సంతకం పెట్టే ముందు ఒక న్యాయవాదిని అడగమనండి.

మెంటాడ ఏఎన్ఎం
తమ్ముడూ, నువ్వు చెప్పినది కాగితం మీద బాగుంది. నేను ఊళ్ళలో తిరిగేదాన్ని, నా అనుభవం వేరు.

2021లో కరోనా రెండో ఉధృతి నడుస్తుండగా 45 దాటినవారికి టీకాలు వేస్తున్నాం. ఒక ఇంట్లో పెద్దావిడకు మధుమేహం ఉంది, రక్తపోటూ ఉంది. ఆవిడే ముందు వేయించుకోవాలి. వద్దంది. ఎందుకమ్మా అంటే మంచం పక్కన చిన్న సీసా చూపించింది. ప్రార్థన చేసిన నూనె. టీవీలో ఒక బోధకుడు చెప్పాడట, ఇది రాసుకున్నవారి గడప కరోనా తొక్కదని. ఆశ కార్యకర్త, నేను, వాలంటీరు, ముగ్గురం ఎంత చెప్పినా వినలేదు. మా దగ్గర అంకెలున్నాయి, కరపత్రాలున్నాయి. ఆవిడకు అవి అక్కరలేదు.

ఆదివారం ఆ ఊరి సంఘ పెద్ద మైకులో రెండు నిమిషాలు మాట్లాడాడు. తాను వేయించుకున్నానని, చేయి ఒకరోజు నొప్పి పెట్టిందని, జ్వరం వస్తే బిళ్ళ వేసుకున్నానని చెప్పాడు. నూనె రాసుకోవద్దని అనలేదు. ప్రార్థన చేసుకుని టీకాకు రండి అన్నాడు. తరువాతి విడతకు పెద్దావిడ మనవడి చేయి పట్టుకుని వచ్చింది, సీసా కొంగుకు కట్టుకునే వచ్చింది. నేను ఏమీ అనలేదు. చేయి చాపమన్నాను, వేశాను.

ఆ రెండు నిమిషాలు ఆ పెద్దాయన మాట్లాడకుండా ఊరుకుంటే? భక్తి కార్యక్రమాలవారు నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి సీసాలు అమ్మేవాళ్ళు వస్తారు. నాకు వాళ్ళ నోరు కావాలి.

రాజాం కాపరి
మెంటాడ సోదరి చెప్పినదానికి వందనాలు. నేను సంఘ కాపరిని. మాలో ఉన్న లోపం గురించి మేమే మాట్లాడాలి, బయటివారు చెప్పేదాకా ఆగకూడదు.

మా టీవీ కూటాల్లో సాక్ష్యాలు చెప్పిస్తారు. నాకు ఫలానా జబ్బు ఉండేది, ప్రార్థనతో పోయింది అని. చెప్పేవారు చాలాసార్లు నిజాయతీపరులే. అయితే వారు మందులు వాడుతున్నారా, శస్త్రచికిత్స జరిగిందా అన్నది ఎవరూ అడగరు. ఇంకొక సంగతి. బాగైనవారు వేదిక ఎక్కుతారు. బాగుకానివారు సమాధిలో ఉంటారు, వారికి మైకు దొరకదు. అందుకే చూసేవారికి అందరూ బాగైనట్టే కనిపిస్తుంది. ఏ సాక్ష్యమైనా ప్రసారం చేసే ముందు చికిత్స సంగతి అడిగి, దాన్నీ సాక్ష్యంలో చెప్పించాలి. ఇది నా సలహా.

పౌలు రాసిన పత్రికలోనే లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. వైద్యుడు రాసిన సువార్త చేతిలో పెట్టుకుని వైద్యం వద్దనడం ఎలా కుదురుతుంది? 2020 ఈస్టరు ఆరాధన మేమంతా ఫోనుల్లోనే చేసుకున్నాం. ఆ మార్చి 27 సాయంత్రం రోములో పోపు ఫ్రాన్సిస్ వానలో, జనం లేని చౌకులో నిలబడి ప్రార్థించడం టీవీలో చూశాను. నేను బాప్టిస్టును, అయినా ఆ దృశ్యం నన్ను కదిలించింది. ఆ డిసెంబరులో టీకాలు వేయించుకోవడం నైతికంగా సమ్మతమేనని వాటికన్ ప్రకటించింది. గర్భస్రావ పిండాల నుంచి వచ్చిన కణాల గురించి కొందరు విశ్వాసులకున్న అనుమానాన్ని దాటవేయకుండా, దానికే జవాబు చెబుతూ ఆ ప్రకటన చేసింది. మత మాధ్యమం చేయవలసిన పని అదే. విశ్వాసి మనసులో ఉన్న అసలు ప్రశ్నను తీసుకుని, దానికి జవాబు చెప్పాలి.

అరసవల్లి వీధి
ఇంతవరకు చదివాను. మీరంతా మంచి మనసుతోనే రాశారు గానీ, భక్తినే బోనులో నిలబెట్టారు. ఇది నాకు బాధగా ఉంది.

లాక్‌డౌనులో మా అమ్మ ఒక్కతే శ్రీకాకుళంలో ఉండిపోయింది, నేను వేరే రాష్ట్రంలో ఇరుక్కుపోయాను. ఆవిడను నిలబెట్టింది ఆ పారాయణాలే. ఉదయం లేచి, స్నానం చేసి, టీవీలో అయ్యవారితో కలిసి శ్లోకాలు చదివేది. రోజుకో క్రమం ఏర్పడింది, వేళకు తినేది, నిద్ర పట్టేది. అదే సమయంలో వార్తా ఛానళ్ళు రోజంతా ఏమి చేశాయి? ఎర్ర అక్షరాల్లో చావుల లెక్కలు, చితుల దృశ్యాలు. అవి చూసిన రోజు అమ్మకు గుండెదడ. ఎవరు ఎక్కువ హాని చేశారో చెప్పండి.

ఆరోగ్యం కోసం సూర్యుణ్ణి కోరుకోమని మన పెద్దలు చెప్పారు. రథసప్తమికి అరసవల్లి వచ్చే లక్షల మందిలో మందులు మానేసి వచ్చేవారు ఎందరు? చాలామంది ఆసుపత్రి నుంచి వచ్చి మొక్కు తీర్చుకునేవారే. వారిని ఎదురెదురు పక్షాలుగా చూపించకండి.

ఉద్దానం కొబ్బరితోట
అక్కా, మీ అమ్మగారి మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ మా వైపు సంగతి చెబుతాను, వినండి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊరికి వెళ్ళినా కిడ్నీ రోగులుంటారు. ఎందుకు వస్తోందో పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు, ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. కారణం తెలియని రోగం చుట్టూ కథలు తొందరగా పుడతాయి. శాపమంటారు, నీళ్ళంటారు, పాపమంటారు.

మా పక్కింటి ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక ఛానల్లో తెర కింద నంబరు చూసి ఫోను చేశారు. నలభై రోజుల దీక్ష, పొడి మందు, యంత్రం. దీక్షలో సూది గుచ్చకూడదన్నారట. ఆయన వరుసగా రెండుసార్లు డయాలసిస్ మానేశారు. మూడో నాటి రాత్రి కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే తెల్లవార్లూ ఉన్నారు. తెల్లారగానే ఆటోలో పలాస తీసుకెళ్ళాం. బతికారు. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. నొప్పి మాత్రలూ, పేరులేని పొడులూ కిడ్నీలను ఇంకా పాడుచేస్తాయని ఆసుపత్రిలో చెబుతూనే ఉంటారు.

ఆయన భక్తి తప్పు కాదు. ఇంటికి వచ్చాక కూడా రోజూ పూజ చేసుకుంటున్నారు. డయాలసిస్ మానమన్న ఆ ఒక్క మాటే తప్పు. నెల్లిమర్ల అన్నయ్యా, మీ దాతగారి నంబరు తెర మీద నడిస్తే, అది ఇలాంటి ఇంటికి కూడా చేరుతుంది.

పాత బస్టాండు అత్తరు
అస్సలాము అలైకుం, అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి.

అరసవల్లి అక్కగారు వార్తా ఛానళ్ళ గురించి అన్నది మాకు ఇంకో రకంగా తగిలింది. 2020 మార్చి, ఏప్రిల్‌లో, ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ సమావేశం తరువాత టీవీలు ఒక మతాన్నే రోగం అన్నట్టు మాట్లాడాయి. మా వీధిలో కూరగాయల బండివాడు పేరు అడిగి మరీ ముందుకు వెళ్ళిపోయేవాడు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసి, మాధ్యమాల ప్రచారాన్నీ తప్పుపట్టింది. కానీ ఆ తీర్పును ఎన్ని ఛానళ్ళు మార్చిలో అరిచినంత గట్టిగా చెప్పాయి?

సమావేశాలు పెట్టడం తప్పు కాదని నేను అనడం లేదు. జనం గుమిగూడితే రోగం పాకుతుంది, ఏ మతమైనా అంతే. 2021 ఏప్రిల్‌లో హరిద్వారంలో కుంభమేళా కూడా అలాగే జరిగింది. అడగవలసింది గుంపు గురించి. గుంపులో ఉన్నవారి దేవుడి గురించి కాదు.

మా మసీదు మైకు 2020 రంజాను నెలంతా ఒకే మాట చెప్పింది, నమాజు ఇంట్లోనే చదవండి అని. మాకు అది కష్టమైన మాట. మసీదులో తరావీహ్ (రంజాను రాత్రుల ప్రత్యేక నమాజు) లేని రంజాను మా తాతలు కూడా చూడలేదు. అయినా విన్నాం, ఎందుకంటే చెప్పింది మా ఇమాము. తెగులు వచ్చిన ఊరికి వెళ్ళవద్దు, మీరున్న ఊరికి వస్తే అక్కడి నుంచి పారిపోవద్దు అని ప్రవక్త చెప్పిన హదీసును ఆయన చదివి వినిపించారు. పోలీసు చెబితే గొడవయ్యేది.

చీపురుపల్లి హేతువాది
మెంటాడ అక్క రాసింది, ఉద్దానం మిత్రుడు రాసింది రెండూ చదివాక, నోరు మూసుకోవాలన్న నా మాట కొంత సడలిస్తాను. కానీ ఒక విషయం దగ్గర ఆగుతాను. 2020 ఏప్రిల్ ఆఖరి వారం దాకా రాష్ట్రంలో కేసులు లేనివి మన రెండు జిల్లాలే, గుర్తుందా? దేవుడు కాపాడుతున్నాడని ఎంతమంది అన్నారు! ఏప్రిల్ 25న శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు తేలాయి, మే నెలలో విజయనగరంలోనూ వచ్చాయి. అప్పుడేమైంది? దేవుడు కాపాడే ఊళ్ళో నీకు ఎలా వచ్చింది, నువ్వేదో తప్పు చేసి ఉంటావు అని రోగి మీద పడ్డారు. కాపాడతాడన్న హామీకి వెనకవైపు ఉండేది ఇదే.

టెక్కలి సైన్సు మాస్టారు
బాబూ, నువ్వు ఈ చర్చలో అసలు ముడి పట్టుకున్నావు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

2020 జూన్‌లో పలాసలో ఏమి జరిగిందో మన జిల్లా అంతా చూసింది. కరోనా సోకి పోయిన ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీలో వేసి శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, బాధ్యులను సస్పెండ్ చేశారు. అధికారులది తప్పే. అయితే మనిషి పోయిన ఇంటి చుట్టూ ఉన్న ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? శవాన్ని తాకితే, చితి పొగ పీలిస్తే రోగం వస్తుందని అందరూ నమ్మారు. చితాభస్మం వల్ల ప్రమాదం లేదని, చేతి తొడుగులు, మాస్కులతో జాగ్రత్తగా అంత్యక్రియలు చేసుకోవచ్చని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. ఎవరు చదివారు?

ఆ మాట చెప్పవలసింది పురోహితులు, పాస్టర్లు, ఇమాములు. మరణం దగ్గర జనం వినేది వారినే. దహనానికి ఎంతమంది వెళ్ళవచ్చు, స్నానం చేయించలేకపోతే ఏమి చేయాలి, కొడుకు రాలేకపోతే కర్మ ఎవరు చేయవచ్చు, పదో రోజు కర్మను ఆలస్యంగా జరుపుకోవచ్చా... వీటికి ధర్మశాస్త్రంలో జవాబులున్నాయి, ఆపద్ధర్మం అన్నదే అందుకోసం ఉంది. ఒక్క వారం భక్తి ఛానళ్ళన్నీ ఇది చెప్పి ఉంటే ఎన్ని ఇళ్ళ గుండెకోత తగ్గేదో! అది మందు గురించి మాట్లాడటం కాదు, పూర్తిగా వారి పరిధిలోని పని. అదీ సరిగా జరగలేదు.

ఇక విజ్ఞానం వైపు కూడా ఒక మాట. కరోనా కాలంలో వైద్యుల సలహా మారుతూ వచ్చింది. మామూలు జనానికి మాస్కులు అక్కరలేదన్నారు, 2020 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసుకోమంది. ప్లాస్మా చికిత్స (కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించడం) కోసం దాతలను వెతుక్కుంటూ తిరిగాం, 2021 మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాన్ని మార్గదర్శకాల నుంచి తీసేసింది. మా వీధిలో ఒకాయన, వీళ్ళకే తెలియదు, మంత్రమే నయం అన్నాడు. కొత్త ఆధారం దొరికితే పాత మాట మార్చుకోవడమే విజ్ఞానం పనిచేసే తీరు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే, మాట మారినప్పుడు నమ్మకం పోదు.

అరసవల్లి వీధి
మాస్టారూ, అంత్యక్రియల గురించి మీరు రాసింది చదివి కన్నీళ్ళు వచ్చాయి. మా పెదనాన్నగారిది ఆ రోజుల్లోనే. ఎవరం వెళ్ళలేకపోయాం.

నా పట్టు ఒక్కటే. ఓదార్పును ఓదార్పుగా చెప్పనివ్వండి. ప్రతి శ్లోకం కింద వైద్యుణ్ణి సంప్రదించండి అని రాస్తే అది పూజ కాదు, మందు డబ్బా. హామీ ఇచ్చినచోట ఆపండి. ధైర్యం చెప్పినచోట వదిలేయండి.

రాజాం కాపరి
అమ్మా, నేనూ ఆ గీత దగ్గరే ఆగుతాను. దేవుడు నీకు తోడున్నాడు అనవచ్చు. నీకు రోగం రాదు అనకూడదు. వచ్చింది నీ పాపం వల్ల అని అసలే అనకూడదు.

నెల్లిమర్ల వంతెన
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా అచ్చు తీసి నిన్న సాయంత్రం మా యజమానికి చదివి వినిపించాను. ఉద్దానం తమ్ముడు రాసింది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రక్షరేకుల ప్రకటన వేయడం లేదు. దాతగారికి ఫోను చేసి చెప్పేశారు. దానివల్ల ఈ వానాకాలం డబ్బుకు ఇబ్బందే, అయినా ఆయన మాట మార్చరు.

రాసుకున్నవి ఇవి. రోగం పోతుందని, రాదని మా తెర మీద ఎవరూ అనరు. వాడుతున్న మందు ఆపమని ఎవరన్నా ఆ భాగం తీసేస్తాం. పొరపాటు ప్రసారమైతే మర్నాడు అదే ఆరున్నరకు, కార్యక్రమం మొదట్లోనే దిద్దుబాటు చెబుతాం. చివర పేర్లు పడేటప్పుడు కాదు. పాస్టరు గారు చెప్పిన సాక్ష్యాల నియమం మొక్కుల కథలకు కూడా పెట్టుకున్నాం. జిల్లాలో ఏదైనా రోగం ప్రబలితే, అర్చకుల చేతనే రెండు నిమిషాలు ఆరోగ్యశాఖ మాట చెప్పిస్తాం. అర్చక స్వామి ఒప్పుకున్నారు, పైగా ఆయనే ఒక ప్రశ్న అడిగారు. అతిసారం ఉన్న రోజుల్లో తీర్థం ఇవ్వవచ్చా?

మెంటాడ ఏఎన్ఎం
ఆ స్వామికి నా నమస్కారాలు చెప్పండి. ఎంత మంచి ప్రశ్న అడిగారు! తీర్థం పచ్చినీరే కదా. బావి నీళ్ళో కుళాయి నీళ్ళో చెడితే ఉద్ధరిణెడు చాలు రోగానికి. నీళ్ళు బాగా తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి, తరువాతే తులసి, పచ్చకర్పూరం వేయమనండి. తులసి దళాలనూ ఆ కాచిన నీళ్ళతోనే కడగాలి. ఇచ్చేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పుచ్చుకునేవారూ కడుక్కోవాలి. రోగం మరీ ఎక్కువగా ఉన్న వారం తీర్థం, ప్రసాదం ఆపేసినా తప్పులేదు. 2020 జూన్‌లో గుళ్ళు తెరిచినప్పుడు కేంద్రం ఇచ్చిన నియమాల్లో కూడా ప్రసాదం పంచవద్దని, తీర్థం చల్లవద్దని ఉంది. అప్పుడు అందరూ పాటించారు.

ఓఆర్ఎస్ గురించి కూడా చెప్పించండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. చాలామంది గ్లాసులో కాస్త పొడి వేసి ఇస్తారు, అది పనిచేయదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలకొట్టి. పిల్లలకు తల్లిపాలు ఆపకూడదు. జింకు బిళ్ళలు విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి.

పాత బస్టాండు అత్తరు
ఏఎన్ఎం అక్కా, వుజూ (నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం) నీళ్ళ సంగతి కూడా ఒక మాట చెప్పండి. మా మసీదు తొట్టి నీళ్ళతో అందరూ నోరు పుక్కిలిస్తారు. ఇమాము సాబుకు చూపిస్తాను.

మెంటాడ ఏఎన్ఎం
తొట్టి బదులు కుళాయి నుంచి పారే నీళ్ళు వాడండి భాయ్. అయినా ఆ నీళ్ళు వచ్చే ట్యాంకులో క్లోరిన్ ఉందో లేదో ముఖ్యం. మీ సచివాలయంలో అడిగి పరీక్ష చేయించండి. అంతవరకు పుక్కిలించడానికి కాచిన నీళ్ళు ఒక బిందెలో విడిగా పెట్టించండి.

చీపురుపల్లి హేతువాది
నెల్లిమర్ల గారూ, ప్రాయోజకుడు పోయిన లోటు మీకు ఉంటుంది. మా మిత్రులం నలుగురం కలిసి ఆ ఓఆర్ఎస్ భాగం చిత్రీకరణ ఖర్చు పెట్టుకుంటాం. మా పేర్లు వేయనక్కరలేదు. ఏఎన్ఎం అక్క చేతే చెప్పించండి, అర్చకస్వామి పక్కన కూర్చోబెట్టండి.

నెల్లిమర్ల వంతెన
తప్పకుండా. అక్కా, బుధవారం ఉదయం రాగలరా?

మెంటాడ ఏఎన్ఎం
బుధ, శనివారాలు టీకాల రోజులు, కదలలేను. పై అధికారిని అనుమతి అడిగాను, గురువారం మధ్యాహ్నం రమ్మన్నారు. లీటరు సీసా, చెంచా నేనే తెస్తాను. నీళ్ళు కాచి ఉంచండి.